బద్ధకం అని పేరు పెట్టిన జబ్బు

ఉతికిన బట్టల బుట్టతో మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డాను. కింద నుంచి మా ఆయన లోవెల్ చూసి, "అప్పుడే ముసలిదానివైపోయావే ఫ్రెడా" అని నవ్వాడు. బుట్టలోవి అతని చొక్కాలే. వచ్చి అందుకోవాలని తోచలేదు. తోచదని పెళ్లైన ఏడాదే తెలిసింది నాకు.

కనెక్టికట్‌లో మాకు మొక్కల నర్సరీ ఉంది. బోర్డు మీద పేరు అతనిది, కలుపు తీసేది నేను. ఒకసారి జీతం మాటెత్తితే, ఇంటి మనిషికి జీతమేమిటని అత్తగారు ఎడిత్ నిజంగానే ఆశ్చర్యపోయింది. జూన్‌లో, జింకలు తిరిగే గట్టున గడ్డి కోశాను. కొన్నాళ్లకు వీపు మీద ఏదో మండుతోంది చూడమంటే, లోవెల్ నా చొక్కా ఎత్తకుండానే దోమ అన్నాడు. జింకల ఒంటి నుంచి గడ్డిలోకి రాలే పిడుదు పురుగు కుడితే మచ్చ ఎలా పాకుతుందో, వెంటనే డాక్టరుకు ఎందుకు చూపించాలో, మొక్కలు కొనడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఉపన్యాసం ఇచ్చే మనిషి!

జులైలో తల తిరగడం మొదలైంది. నాలుగడుగులకే ఆయాసం. ఈ వయసు ఆడవాళ్లకు మామూలే అని అతను, మా రోజుల్లో బద్ధకానికి ఇన్ని పేర్లు లేవని అత్తగారు. చివరికి ఎరువు బస్తా ఎత్తుతూ పడిపోయాను. ఎండ దెబ్బ, కాసేపట్లో లేస్తుందని లోవెల్ సర్దిచెబుతున్నా వినకుండా, గులాబీ మొక్క కొనడానికి వచ్చిన ఒకావిడ అంబులెన్సును పిలిచింది.

ఆసుపత్రిలో మెడ దగ్గర నుంచి గుండెలోకి తీగ వేశారు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది: "పిడుదు వల్ల వచ్చిన లైమ్ జబ్బు మీ గుండెకు పాకింది. పై గదుల సంకేతం కింది గదులకు చేరడం లేదు. మందు ఎక్కిస్తున్నాం, తగ్గిపోతుంది. అందాకా గుండెను ఈ తీగే కరెంటుతో నడుపుతుంది. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

నేను నోరు తెరిచేలోపే లోవెల్ అందుకున్నాడు. "డాక్టరుకు చూపించుకోమని వారాల తరబడి మొత్తుకుంటున్నానండీ. మొండి మనిషి."

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుండీ ఎత్తితే అడుగున కనిపించే జిగట పురుగును చూసినట్టు చూశాను అతణ్ణి. ఇన్నేళ్లు ఈ మనిషికి భయపడ్డానా?

"డాక్టర్, ఆయన్ని బయట కూర్చోమనండి. నా సంగతి నేను చెబుతాను."

"నేను నీ మొగుణ్ణే" అన్నాడు. డాక్టరమ్మ లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

కొద్ది రోజులకు గుండె దారిలో పడింది, తీగ తీసేశారు. లోవెల్ ట్రక్కు తెచ్చాడు. శనివారం జనం ఎక్కువుంటారు, గల్లా దగ్గరైనా కూర్చోగలవా అని అడిగాడు. మా అక్క కోరా కారు తెస్తోందనీ, ప్రావిడెన్స్‌లో వాళ్లింటికి వెళ్తున్నాననీ చెప్పాను.

"ఎన్నాళ్లుంటావేం అక్కడ?" అన్నాడు విసుగ్గా.

"ఉండటానికే వెళ్తున్నాను."