అత్తయ్య పోయాక పెట్టాల్సిన ఫొటో

మావయ్య సంతాప సభలో అందరూ మాట్లాడుకున్నది ఆయన గురించి కాదు, ఆయన భుజం మీదున్న చెయ్యి గురించి. ఆయన ఒక్కడే ఉన్న ఫొటో ఇల్లంతా గాలించినా దొరకలేదు. ఎవరి పెళ్లిలోనో తీసిన గుంపు ఫొటోలోంచి ఆయన్ని కత్తిరించి, తలుపంత పెద్దది చేయించి పెట్టారు. పక్కన నిలబడ్డ మనిషి కత్తిరింపులో పోయింది గానీ, ఆమె చెయ్యి మాత్రం ఆయన భుజం మీదే ఉండిపోయింది. గోళ్లకి ఎర్ర రంగు. వచ్చినవాళ్లు పువ్వులు పెట్టడం, వెనక్కి తిరగ్గానే "ఆ చెయ్యి ఎవరిదండీ?" అని గుసగుసలు పోవడం. సభ ముగిసేసరికి ఆ చేతికి ముగ్గురు సొంతదారుల పేర్లు వినిపించాయి.

మర్నాడు పొద్దున్నే మా అత్తయ్య నన్ను పిలిపించింది. మావయ్య భార్య, మా నాన్నకి అక్క. ముప్ఫై ఎనిమిదేళ్లు ఆసుపత్రిలో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరైంది. డెబ్భై నాలుగేళ్లొచ్చినా, ఎవరితో మాట్లాడినా వార్డులో రౌండ్లకి వచ్చినట్టే ఉంటుంది.

"నేను పోయినప్పుడు మాటలన్నీ నా గురించే జరగాలి. చేతుల గురించీ కాళ్ల గురించీ కాదు. నా ఫొటో నువ్వు తియ్యి" అంది.

"నేనా? పళ్ల సెట్లు తయారుచేసేదాన్ని అత్తయ్యా. స్టూడియోకి వెళ్దాం పద."

"ఆ స్టూడియోవాడు మొహమంతా ఇస్త్రీ చేస్తాడు. పోయింది ఎవరో తెలీక జనం వెనక్కెళ్లిపోతారు. నాకు ముడతలు ఉండాలి. కష్టపడి తెచ్చుకున్నవి."

బీరువాలోంచి మావయ్య కెమెరా తీసి నా ఒళ్లో పెట్టింది. ఇటుకంత బరువుంది. నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలీదంటే, "తొందరేం లేదు. బీపీ బాగానే ఉంది" అంది.

అలా నేను ఆ ఇస్త్రీ స్టూడియోకే శిష్యురాలిగా వెళ్లాను. నడపేది ఒక ముసలి మాస్టారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసమే వెతుక్కుంటూ కనిపించాడు. కెమెరా చేతిలోకి తీసుకుని పైనున్న చక్రం 'ఎం' అనే అక్షరం దగ్గరే ఉండటం చూసి, అక్కణ్ణుంచి కదలకుండా దాని మీద ప్లాస్టర్ అంటించాడు.

"ఇకనుంచి ఆలోచించేది మీరు, అది కాదు. మూడంటే మూడే విషయాలు. కన్నం ఎంత పెద్దగా తెరుస్తున్నారు, ఎంతసేపు తెరుస్తున్నారు, ఆ వెలుగుని కెమెరా ఎంత ఆశగా పట్టుకుంటోంది. అపర్చరు, షట్టరు, ఐఎస్ఓ. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గించాలి. అంతే."

'అంతే' అన్నారంటే అసలు కష్టం అక్కడే ఉంటుందని నా అనుభవం.

మొదట్లో మనుషుల్ని తీయొద్దని, కదలనిదీ మాట్లాడనిదీ ఏదైనా తెచ్చుకోమని అన్నాడు. మా ల్యాబ్‌లో అలాంటివి బోలెడు. ఎవరిదో పై దవడ అచ్చు, తెల్లటి ప్లాస్టరుది, తీసుకెళ్లి కిటికీ పక్కన స్టూలు మీద పెట్టాను. వారం రోజులు ఆ దవడా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చిన్న అంకె అంటే పెద్ద కన్నం అని మాస్టారు చెప్పినప్పుడు నాకు బుర్ర తిరిగింది. రెండు దగ్గర పెడితే ముందు పళ్లు తళతళలాడాయి, దవడ పళ్లు మంచులో కలిసిపోయాయి. పదకొండు దగ్గర పెడితే జ్ఞానదంతం దాకా అన్నీ వరసగా నిలబడ్డాయి, కానీ బొమ్మ చీకటైపోయింది. చీకటి పోవాలని ఐఎస్ఓ పెంచాను. వెలుగొచ్చింది, దాంతోపాటు బొమ్మంతా ఇసుక చల్లినట్టు గరుకొచ్చింది.

అన్నిటికంటే పెద్ద వింత, కెమెరా చెప్పిన లెక్క ప్రకారమే తీసినా తెల్లటి దవడ పొగ తాగేవాడి పళ్లలా బూడిద రంగులో వచ్చింది.

"కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి లోకమంతా బూడిద రంగే అని గట్టి నమ్మకం. తెల్లది కనబడితే, అమ్మో వెలుగెక్కువైందని తగ్గించేస్తుంది. తెల్లవాటికి మీరే దాని మాట కాదని ఇంకాస్త వెలుగివ్వాలి" అన్నాడు మాస్టారు. షట్టరు వేగం సగానికి తగ్గించి, రెట్టింపు వెలుగిచ్చి తీశాను. పళ్లు తెల్లబడ్డాయి. ఆ రోజు సాయంత్రం నడకలో కూడా కాస్త దర్జా వచ్చిందనుకుంటా.

ఆ దర్జాతోనే అత్తయ్య దగ్గరికి వెళ్లాను.

ఆవిడ తన తెల్ల యూనిఫాం ఉతికి, గంజి పెట్టి, వేసుకుని సిద్ధంగా ఉంది. కుర్చీ కిటికీకి దూరంగా వేశాను. వెలుగు చాలక షట్టరు పదిహేనో వంతు సెకనుకి దించాల్సి వచ్చింది. ఆ కాస్తసేపట్లో అత్తయ్య పక్కింటావిడ మోకాళ్ల గురించి ఒక వాక్యం పూర్తిచేసింది. ఫొటోలో ఆవిడకి మూడు నోళ్లు వచ్చాయి. మా నాన్న చూసి, "ఇన్నాళ్లకి అక్క ఫొటో సరిగ్గా వచ్చింది" అన్నాడు. ఆయన్ని గదిలోంచి పంపించేశాం.

తర్వాత ఆవిణ్ణి కిటికీ ముందే కూర్చోబెట్టాను. వెనక నుంచి ఎండ కొట్టి మనిషంతా నల్లటి నీడ.

"దండ నాకు వేస్తారా, నా నీడకి వేస్తారా?" అంది.

మూడోసారి కదలొద్దన్నానని ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. అన్నీ సరిపోయాయి. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "ఫొటో తీశాక పోయినట్టు లేదే, పోయాక ఫొటో తీసినట్టుంది" అంది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కెమెరా బల్ల మీద పెట్టేసి, "నావల్ల కాదు. మూడు అంకెలు ఒకేసారి నా బుర్రలో పట్టట్లేదు. చిన్న అంకెకి పెద్ద కన్నమట! ఇదేం లెక్క?" అన్నాను.

"అందులో ఏముంది? మా సూదులంతేగా" అంది అత్తయ్య.

"ఏంటి?"

"పద్దెనిమిదో నంబరు సూది లావు. ఇరవై నాలుగో నంబరు సన్నం, పసిపిల్లలకి వేస్తాం. నంబరు పెరిగేకొద్దీ కన్నం చిన్నదవుతుంది. షట్టరంటే?"

"ఎంతసేపు తెరుచుకుని ఉంటుందని."

"సెలైన్ ఎంతసేపు వదిలామని. సన్నం సూది పెడితే ఎక్కువసేపు వదలాలి, లావుది పెడితే గబుక్కున ఎక్కేస్తుంది. మరి ఆ ఐఎస్ఓ?"

"వెలుగుని కెమెరా ఎంత తొందరగా పట్టుకుంటుందని. మరీ పెంచితే గరుకొస్తుంది."

"రోగి తత్వమన్నమాట. కొందరికి చుక్క చాలు, కాస్త ఎక్కువైతే ఒళ్లంతా దద్దుర్లు." ఎగతాళిగా నవ్వింది. "దీనికోసం నువ్వు వారం రోజులు పళ్లు ముందేసుకుని కూర్చున్నావా?"

కాగితం తీసుకుని, మందుచీటీ రాసినట్టు రాసింది: కన్నం నాలుగు, రెండొందల యాభైలో ఒక వంతు సెకను, ఐఎస్ఓ ఎనిమిది వందలు. కుర్చీని తనే కిటికీకి పక్కగా జరుపుకుంది. మీటరు ముల్లు సరిగ్గా నడిమధ్యకి వచ్చింది. ఒక్కక్షణం అసూయ పుట్టింది నాకు. కానీ ఒక విషయం ఆవిడకి తెలీదు.

"ఇలా తీస్తే నీ యూనిఫాం బూడిద రంగులో వస్తుంది అత్తయ్యా."

"బూడిద రంగా? ముప్ఫై ఎనిమిదేళ్లలో దీనిమీద ఒక్క మరక పడనివ్వలేదు!"

"అందుకే రెండొందల యాభై కాదు, నూట ఇరవై ఐదు. రెట్టింపు వెలుగు."

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, కాగితం మీద కొట్టేసి దిద్దింది. హెడ్ నర్సు చీటీ దిద్దడం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

తీరా నొక్కితే, మెమరీ కార్డు నిండిపోయిందని వచ్చింది. నేను తీసినవి పట్టుమని వంద లేవు. ఏమున్నాయా అని వెనక్కి జరిపాను. మూడు వేల పైచిలుకు ఫొటోలు, అన్నీ మావయ్య తీసినవి. అన్నిట్లోనూ అత్తయ్యే. సింకు దగ్గర వెనక్కి తిరిగి ఉన్న అత్తయ్య. నోరు తెరుచుకుని నిద్రపోతున్న అత్తయ్య. పేపరు వెనక అత్తయ్య వేళ్లు. సగం అలికేసినట్టు, సగం నల్లగా.

"పిచ్చి మనిషి. గుండీ నొక్కితే చాలనుకునేవాడు" అంది ఆవిడ.

కానీ ఫొటో కింద అంకెలుంటాయి. ఇప్పుడు అవి నాకు చదవడం వచ్చు.

"లేదత్తయ్యా. ఇవేవీ కెమెరా తనే లెక్క కట్టి తీసినవి కావు. చూడు, మొదట నాలుగువేలవ వంతు సెకను పెట్టాడు, కటిక చీకటి. పదిరోజుల తర్వాత ఎనిమిదో వంతు, చెయ్యి కదిలి బొమ్మ అలుక్కుపోయింది. ఇక్కడ కన్నం మార్చి చూశాడు. ఇక్కడ ఐఎస్ఓ. ఆయన కూడా నేర్చుకుంటున్నాడు."

చిట్టచివరి ఫొటో ఆయన పోవడానికి ఐదు రోజుల ముందుది. అత్తయ్య వేలు చూపిస్తూ ఆయన్ని ఏదో తిడుతోంది. మొహం స్పష్టంగా ఉంది, ప్రతి ముడతా లెక్కపెట్టొచ్చు. కాస్త చీకటి, అంతే.

"ఎంత తేడా?" అంది అత్తయ్య మెల్లగా.

"ఒక్క మెట్టు. షట్టరు వేగం ఒక్కసారి సగానికి తగ్గిస్తే సరిపోయేది."

ఆవిడ కళ్లజోడు తీసి యూనిఫాం అంచుతో తుడిచింది. జీవితంలో మొదటిసారి ఆ యూనిఫాంతో ఏదైనా తుడవడం. మళ్లీ పెట్టుకుని, "ఏమని తిడుతున్నానో గుర్తులేదు. తప్పకుండా తప్పు ఆయనదే అయ్యుంటుంది" అంది.

"కొన్ని తీసేస్తే మనకి చోటొస్తుంది. ఈ అలికేసినవీ, వేళ్లు మాత్రమే ఉన్నవీ..."

"ఒక్కటి ముట్టుకున్నావంటే చూడు! ఎదురు సందులో కొట్టుంది. వెళ్లి కొత్త కార్డు తెచ్చుకో."

వెళ్లి తెచ్చాను. వచ్చేసరికి ఆవిడ అదే కుర్చీలో కిటికీకి పక్కగా కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని ఉంది. మాట్లాడట్లేదు, బిగుసుకుపోనూ లేదు. నన్ను చూడగానే, సెలైన్ సరిగ్గా పడుతోందా లేదా అని సీసా వైపు చూసే చూపొకటి ఉంటుంది కదా, అలా చూసింది. నొక్కాను. యూనిఫాం తెల్లగా వచ్చింది. ముడతలన్నీ వచ్చాయి.

తెరమీద చూపిస్తే, దగ్గరికి లాక్కుని, దూరంగా పెట్టి, తల పక్కకి వాల్చి చూసింది.

"బాగుంది. ఇలా ఉంటే పోవడానికి ఇబ్బంది లేదు" అంది. "కానీ ఎడం చెవి వెనక వెంట్రుక లేచింది. ఇంకోటి తియ్యి."