వెచ్చపెట్టెలో గులాబీ వాసన

ఆ పశు పరిశోధన కేంద్రంలో ఏ వస్తువు పగిలినా పగలగొట్టింది పిల్లే. ఆ పిల్లిని కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. బీకరు పగిలితే పిల్లి, సీసా మూత కనబడకపోతే పిల్లి, ఫ్రిజ్ తలుపు సరిగా పడకపోయినా పిల్లే. స్టోరు గుమాస్తా పుస్తకం చంకలో పెట్టుకుని "ఎవరు? ఎవరు చేశారిది?" అంటూ గదిగదికీ తిరిగేవాడు. మనిషి దొరికితే సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చేది. దొరక్కపోతే పిల్లి ఖాతాలోకి వెళ్లేది. అది తలుచుకుని అందరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు కింద ఏముందో తొంగి చూసినవాళ్లు లేరు.

పాఠకులారా, ఏముందో ఆ కేంద్రంలో గాజుసామాను కడిగే ఒక ఆవిడకు తెలిసి వచ్చింది. ఆ సంగతే ఈ కథ.

పదకొండేళ్లుగా ఆవిడ పని గాజు గొట్టాలు, పళ్లేలు కడిగి ఆరబెట్టడం, గదులు తుడవడం. గాజుతో పని కనక అందరికీ గాజమ్మ అయింది. "గాజమ్మనే గానీ వాజమ్మని కాను" అని ఆవిడే నవ్వేది. చదివింది ఏడో తరగతి. కానీ కడిగే ప్రతి గొట్టం మీది చీటీ చదవకుండా వదిలేది కాదు. ఇందులో ఏం పోశారు, అది అరచేతి వెచ్చదనంలోనే ఎందుకు ఉండాలి, చల్లబడితే ఏమవుతుంది అని అడుగుతూనే ఉండేది. చాలామంది విసుక్కునేవాళ్లు. ఓపిగ్గా చెప్పేది ఒక్క పరిశోధక విద్యార్థిని. గాజమ్మ ఆమెను చిన్న డాక్టరమ్మా అనేది. ఆమె గాజమ్మను పిన్నీ అనేది.

కేంద్రం వెనక కొట్టంలో ఒక ముసలి ఆవు ఉండేది. దాన్ని అందరూ పెద్దావిడ అని పిలిచేవారు. పిడుదులు కుడితే వచ్చే జ్వరం ఎన్నో మందల్ని తుడిచిపెట్టేసింది గానీ, పెద్దావిడ జాతిని ఏమీ చెయ్యలేకపోయింది. ఆ జాతి ఆవులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. పెద్దావిడకు ఇక ఈనే వయసు లేదు. అందుకని వారానికోసారి సన్నటి సూదితో దాని అండాలు తీసి, గాజు పళ్లెంలో వీర్యంతో కలిపి, ఆవు కడుపులో ఉండేంత వెచ్చదనం గల పెట్టెలో ఏడు రోజులు పెంచేవారు. అలా పెరిగిన పిండాన్ని పడుచు ఆవు గర్భంలో పెడితే పెద్దావిడ దూడ పుడుతుంది. ఆ పెట్టెకు ఏదో నోరు తిరగని పేరుంది. గాజమ్మకు అది వెచ్చపెట్టె.

"రా పిన్నీ, చూద్దువుగాని" అని ఒకసారి చిన్న డాక్టరమ్మ ఆవిడను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

గాజమ్మ ఒక కన్ను మూసుకుని చూసింది. గుండ్రటి నీటిచుక్కలాంటిది, లోపల రెండు చుక్కలుగా చీలి ఉంది.

"ఇదా ఆవు?"

"ఇంకా కాలేదు. రెండు నాలుగవ్వాలి, నాలుగు ఎనిమిదవ్వాలి. అక్కడే ఆగిపోతోంది పిన్నీ. మూడో రోజుకి నల్లగా ముడుచుకుపోతోంది."

ఎనిమిది నెలలుగా ఇదే తంతు. అంతకుముందు ఏడాది నాలుగైదు బాగానే పెరిగాయట. మందులు మార్చారు, పిండాల మీద పోసే నూనె మార్చారు, వీర్యం మార్చారు, గ్యాసు సిలిండరు కూడా మార్చారు. చివరికి కేంద్రం అధిపతి అయిన పెద్ద డాక్టరుగారు మనిషినే మార్చారు. చిన్న డాక్టరమ్మకు ముందు ఈ పని చేసిన అమ్మాయిని "నీకు చెయ్యి కుదరడం లేదమ్మా" అని పంపించేశారు. ఆ అమ్మాయి తన చేతులకేసి చూసుకుంటూ గేటు దాటడం గాజమ్మ కళ్లారా చూసింది. ఇప్పుడు అదే మాట చిన్న డాక్టరమ్మ చుట్టూ తిరుగుతోంది.

ఇంతలో గాజమ్మ కూతురు ప్రసవించింది. గాజమ్మ పది రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చేసరికి చిన్న డాక్టరమ్మ గుమ్మంలోనే ఎదురై రెండు చేతులూ పట్టుకుంది.

"నాలుగు పిండాలు ఏడో రోజుదాకా బతికాయి పిన్నీ! నువ్వు లేనప్పుడు ఎంత అద్భుతం జరిగిందో!"

ఆమె ఏ దురుద్దేశమూ లేకుండా అన్న మాట అది. గాజమ్మ నవ్వింది, సంతోషం అంది. ఆ నాలుగింటినీ పడుచు ఆవులకు పెట్టారు గానీ, ఒక్కటీ నిలవలేదు. తరవాతి వారం పెట్టెలో పెట్టినవి తొమ్మిదికి తొమ్మిదీ మూడో రోజున ముడుచుకుపోయాయి. అప్పుడు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నేను లేనప్పుడు బతికాయి, నేను రాగానే పోయాయి.

ముందు అందరికీ వచ్చే ఆలోచనే ఆవిడకూ వచ్చింది. నా చెయ్యే మంచిది కాదేమో అనుకుంది. మనవణ్ణి ఎత్తుకోవడానికి కూడా ఆ సాయంత్రం జంకింది. వాడు మాత్రం ఆవిడ వేలు గట్టిగా పట్టుకుని హాయిగా నిద్రపోయాడు. ఆ పట్టు చూశాక గాజమ్మకు తన మీద తనకే కోపం వచ్చింది. "చెయ్యి మంచిది కాకపోవడమేంటి? చేసే పనిలో ఏదో ఉండుంటుంది. అదేదో చూడాలి" అనుకుంది.

మర్నాడు తన బదులు పనిచేసిన తోటపనామెను పట్టుకుంది.

"వదినా, ఆ పది రోజులూ నువ్వు ఏమేం చేశావో చెప్పు."

"ఏం చేస్తాను? కడిగాను, తుడిచాను. ఏదైనా పోయిందా? నేను తియ్యలేదమ్మా!"

"అయ్యో, నిన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎలా కడిగావో చెప్పు చాలు."

ఆమెను నమ్మించి మాట రాబట్టేసరికి గాజమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి తేలిందేమిటంటే, తోటపనామె పళ్లేలు కడిగేటప్పుడు సబ్బు తక్కువ వాడింది. అయితే సబ్బు మిగిలిపోతోందేమో! గాజమ్మ ఆ వారం ప్రతి పళ్లేన్నీ మూడుసార్లకు బదులు ఏడుసార్లు కడిగింది. వేళ్లు నానిపోయి తెల్లబడ్డాయి. పిండాలు మాత్రం మూడో రోజున పోయాయి.

సబ్బు కాదన్నమాట. ఆ మాట తేలినందుకు ఆవిడకు నిరాశ కలగలేదు సరికదా, ఇంకా ఆసక్తి పెరిగింది. మళ్లీ తోటపనామె దగ్గరకు వెళ్లింది.

"మరి నేల దేనితో తుడిచావు?"

"ఉత్త నీళ్లతో. కిటికీలన్నీ బార్లా తెరిచి ఆరబెట్టాను. నీ గులాబీ మందు డబ్బా అలమరలో పెట్టి తాళం వేసి వెళ్లావుగా?"

ఆ గులాబీ మందు వెనక ఒక కథ ఉంది. తొమ్మిది నెలల కింద పైఅధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఒకాయన ముక్కు మూసుకున్నాడు. పెద్ద డాక్టరుగారు చిన్నబుచ్చుకుని "రేపటి నుంచి ఈ భవనంలో వాసనన్న మాట వినబడకూడదు" అని ఉత్తరువు వేశారు. స్టోరులో మామూలు ఫినాయిలే ఉంది. గాజమ్మ దుకాణానికి వెళ్లి, నేల తుడిచే మందుల్లో ఘుమఘుమలాడే దాన్ని ఏరి తెచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుకే పొంగిపోయి ఆవిడ ఒక మూతకు రెండు మూతలు కలపడం మొదలుపెట్టింది.

అయితే నేల మీద ఉన్న మందుకూ తలుపు మూసిన పెట్టెకూ సంబంధమేమిటి? రెండు రోజులు అదే ఆలోచించింది. మూడో రోజు చిన్న డాక్టరమ్మ వెచ్చపెట్టె తెరుస్తున్నప్పుడు తుడుపుకర్ర పట్టుకుని పక్కనే నిలబడింది. తలుపు తెరుచుకోగానే వెచ్చటి గాలి ఆవిడ మొహానికి తగిలింది.

ఆ గాలి గులాబీ వాసన వేసింది. గదిలోకంటే పెట్టెలోనే ఎక్కువగా.

"చిన్న డాక్టరమ్మా, ఈ పెట్టె గాలి ఎక్కడినుంచి పీల్చుకుంటుంది?"

"గదిలోంచే పిన్నీ. దానికి గ్యాసు కలుపుకుంటుంది. ఎందుకు?"

"ఊరికే అడిగాను" అంది గాజమ్మ.

ఊరికే అని ఎందుకంది? ఇన్ని నెలల ప్రశ్నకు జవాబు గొంతు దాకా వచ్చి ఎందుకు ఆగిపోయింది? ఆ నెలాఖరుకి ఆవిడ ఉద్యోగం గడువు తీరుతుంది, పెద్ద డాక్టరుగారు కాగితం మళ్లీ రాసివ్వాలి. ఇంట్లో చెబితే కూతురు పసివాణ్ణి జోకొడుతూనే కసిరింది.

"నోరు మూసుకుని ఊరుకో అమ్మా. ఆ డబ్బా మెల్లిగా పారబొయ్యి. పిండాలు వాటంతటవే బతుకుతాయి. ఎవరికీ ఏమీ తెలియదు."

"మరి ఎందుకు పోయాయో కూడా ఎవరికీ తెలియదుగా?"

"తెలిస్తే నీ మెడకే చుట్టుకుంటుంది."

గాజమ్మ రెండు వారాలు ఆ సంగతి కేంద్రంలో ఎత్తలేదు. మందు వాడకం మానేసింది. కిటికీలు తెరిస్తే ఎందుకని అడుగుతారని వాటి జోలికి పోలేదు. మూసిన గదిలో నేలకూ గోడలకూ నూనెలకూ పట్టిన వాసన అంత తేలిగ్గా వదల్లేదు. పిండాలు పోతూనే ఉన్నాయి. మూడో వారంలో ఒక రోజు చిన్న డాక్టరమ్మ కిటికీ దగ్గర నిలబడి తన చేతులు తిప్పి తిప్పి చూసుకోవడం గాజమ్మ కంట పడింది. "శుక్రవారం మీటింగులో నన్ను తప్పిస్తారు పిన్నీ. నా చెయ్యి కుదరడం లేదట" అంది ఆ అమ్మాయి. గాజమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

శుక్రవారం మీటింగు గదిలోకి గాజమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్లింది. చేతిలో డబ్బా ఉంది.

"అయ్యా, ఈ అమ్మాయి చేతిలో లోపం లేదు. పోయిన అమ్మాయి చేతిలోనూ లేదు. లోపం ఇందులో ఉంది. తెచ్చింది నేను. తుడిచింది నేను." సెలవు సంగతి, సబ్బు సంగతి, పెట్టెలోంచి వచ్చిన వాసన సంగతి ఒక్కొక్కటే చెప్పింది.

మొదట లేచింది స్టోరు గుమాస్తా. "నేనివ్వలేదు సార్! స్టోరు పుస్తకంలో ఈ సరుకే లేదు."

పెద్ద డాక్టరుగారి మొహం ఎర్రబడింది. "ఎవరిని అడిగి తెచ్చావమ్మా ఇది? ఇన్ని నెలలు! ఎన్ని అండాలు పోయాయో తెలుసా నీకు?"

"తెలుసయ్యా. ఆ పళ్లేలన్నీ కడిగింది నేనేగా."

చిన్న డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఎవరన్నది తరవాత సార్. ముందు ఇది నిజమో కాదో చూద్దాం."

పరీక్ష పెట్టారు. పెద్దావిడ అండాలు ముట్టుకోలేదు. కబేళా నుంచి తెచ్చిన అండాలను రెండు భాగాలు చేశారు. సగం పాత గదిలోని పెట్టెలో, సగం మేడ మీద ఉత్త నీళ్లతో తుడిచిన గదిలో పెట్టారు. మిగతావన్నీ రెండు చోట్లా ఒకటే. పాత గదిలో ఆ మందుతోనే తుడవమని గాజమ్మకే చెప్పారు. ఏడో రోజున పాత గది పెట్టెలో నలభైకి ఒక్కటీ మిగల్లేదు. మేడ మీద పదమూడు బతికాయి. కాకతాళీయమేమో అని మళ్లీ చేశారు. మూడోసారీ చేశారు. మూడుసార్లూ అదే జరిగింది. ఆ రోజులన్నీ గాజమ్మ ఉద్యోగం కాగితం రాలేదు. తుడుస్తూ, కడుగుతూ ఎదురుచూసింది.

మేడ మీది గదికి మార్చాక పెద్దావిడ పిండాల్లో రెండు ఏడో రోజుకు చేరాయి. ఒకటి పడుచు ఆవుకు పెట్టారు. నెల తరవాత ఒక ఉదయం అందరూ కొట్టంలో చేరారు. గాజమ్మను చిన్న డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది. పెద్ద డాక్టరుగారు స్కానింగు తెరకేసి చాలాసేపు చూశారు. నల్లటి తెర మీద చిక్కుడు గింజంత తెల్లటిది, దాని మధ్యలో టకటకమంటూ కొట్టుకుంటున్న చుక్క.

"చూడి కట్టింది" అన్నారు ఆయన.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతి తొడుగు తీసేసి, జేబులోంచి ఒక ఉత్తరం బయటికి తీశారు.

"ఇది మనం పంపించేసిన అమ్మాయి రాసింది. క్షమించమని, తిరిగి రమ్మని నేను రాశాను. వినండి. 'నా చేతులు బాగానే ఉన్నాయని తెలిసింది. చాలా సంతోషం. నేనిప్పుడు బడిలో సైన్సు చెబుతున్నాను. తిరిగి రాలేను.' అంతే రాసింది."

ఆయన ఉత్తరం మడిచారు. ఆవు వీపు నిమురుతూ అందరితో అన్నారు.

"ఆ గులాబీ వాసన రోజూ నా ముక్కుకూ తగిలేది. వాసన రాకూడదని ఉత్తరువు వేసింది నేను. ఆ రోజు మీటింగులో నేను మొదట అడిగిన ప్రశ్న 'ఎవరిని అడిగి తెచ్చావు' అని. డాక్టరు అడగాల్సిన ప్రశ్న అదా? గాజమ్మగారికి సంగతి తెలిసిన తరవాత మన దగ్గర నోరు విప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో పెద్దావిడ ఇచ్చినవి ఇరవై ఆరు అండాలు. అవి ఆవిడ పోగొట్టినవి కావు. మనమంటే ఆవిడకున్న భయం పోగొట్టినవి."

స్టోరు గుమాస్తా తల దించుకున్నాడు. పెద్ద డాక్టరుగారు గాజమ్మ వైపు తిరిగి, "మీ కాగితం మీద పొద్దున్నే సంతకం పెట్టానమ్మా. ఆలస్యం నాదే" అన్నారు.

గాజమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పటికీ ఊరుకోలేక, "అయ్యా, ఆ చుక్క నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందండీ?" అని అడిగింది.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తెర దగ్గరికి రమ్మని పిలిచి, చేతి గడియారం విప్పి ఆవిడ చేతికిచ్చి, "మనిద్దరం లెక్కపెడదాం రండి" అన్నారు. తరవాత అందరి వైపూ తిరిగి, నెమ్మదిగా ఇలా అన్నారు:

"తప్పు చెప్పుకున్న మనిషిని దండించే చోట తప్పులు తగ్గవు, దాక్కుంటాయి. ఇకమీదట ఇక్కడ ఏం జరిగినా మనం ముందు అడగాల్సింది 'ఎవరు చేశారు' అని కాదు, 'ఏం జరిగింది' అని."