గొడుగుల సందు దగ్గర దొరికిన పేరు

బస్సు కండక్టరమ్మ ఇంటికి కుక్కపిల్ల వచ్చిందన్న మాటే గానీ, దానికి పేరు మాత్రం ఒక పట్టాన కుదరలేదు. వానకి తడిసి బస్సెక్కి, డిపో వచ్చినా దిగనని మొరాయించిన గడుగ్గాయి అది. మొగుడు ‘సింహం’ అన్నాడు. అత్తగారు ‘చిట్టిబాబు’ అంది. ఎవరేమని పిలిచినా అది చెవి కూడా కదిపేది కాదు.

“చెవుడేమోనే,” అంది అత్తగారు.

“గిన్నె చప్పుడైతే పక్క గదిలోంచి ఉరికొస్తుంది కదత్తయ్యా! చెవుడట, చెవుడు!”

ఒకనాడు ఇంట్లో చూసేవాళ్ళు లేక, దాన్ని బుట్టలో కూర్చోబెట్టుకుని డ్యూటీకి వెళ్ళింది.

“ఉప్పు వీధి! దిగేవాళ్ళు ముందుకు రండి!” అని కేకేసింది. పిల్ల కునుకు తీస్తోంది. “గడియారం మలుపు!” ఊహూఁ. “గొడుగుల సందు!” అనడమే తరువాయి, బుట్టలోంచి ఒక్క గెంతు గెంతి, తలుపు దగ్గర నిలబడి తోకాడించింది.

తిరుగు ట్రిప్పులోనూ అదే వరస.

“వదినా, దాని ఇల్లు అక్కడే కాబోలు,” అన్నాడు డ్రైవరు.

ఆ మాటకి ఆమె ప్రాణం ఉసూరుమంది. అప్పగించక తప్పదు మరి. డ్యూటీ దిగాక దాన్ని తీసుకుని ఆ సందుకి వెళ్ళింది. పిల్ల ఆమెను లాక్కుంటూ పోయి, గొడుగులు బాగుచేసే ముసలాయన దుకాణంలో దూరింది.

“మీదేనా బాబాయ్?” అని అడిగింది.

“నాదెక్కడిదమ్మా! దిక్కూమొక్కూ లేనిది. ఎప్పుడూ ఇక్కడే తచ్చాడేది.”

“మరి ఏమని పిలిచేవారు?”

“పిలవడం కూడానా! ‘గొడుగు! గొడుగు వదులు!’ అని పొద్దస్తమానం అరిచేవాణ్ణి. ఆ మాట వింటే చాలు, సిగ్గూశరం లేకుండా తోకూపుకుంటూ వచ్చేది.”

కండక్టరమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. దాన్ని చంకనెత్తుకుని ఇల్లు చేరింది.

“గొడుగేంటే, నలుగురూ నవ్విపోరూ!” అని మూతి తిప్పింది అత్తగారు.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాస్తుండగా, ఆవిడే గుమ్మంలో నిలబడి, “గొడుగూ! ఒరే గొడుగూ! రా నాన్నా!” అని గొంతెత్తి పిలిచింది.

ఎదురింటావిడ ఉలిక్కిపడి ఆకాశం కేసి చూసి, ఆరేసిన బట్టలన్నీ గబగబా లోపలికి పట్టుకుపోయింది.