బయటికి తెరిచే కిటికీ

గంగులయ్య తన ఇంటి తూర్పు గోడకు గునపం వేయించిన పూట పేరమ్మ గోడ ఇవతల ఎండుతున్న నెత్తళ్ళు తిరగేస్తోంది. మట్టిపెళ్ళ ఒకటి ఊడివచ్చి చేపల మీద పడింది. ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది. గోడలో పడిన కంతలోంచి కూలివాడి మొహం, దాని వెనక బావ మొహం కనిపించాయి.

"ఏంది బావా ఇది?"

"కిటికీ. గాలి రావద్దా?"

"ఇన్నాళ్ళూ ఊపిరి బిగబట్టుకోనే ఉండారా?"

గంగులయ్య కూలివాణ్ణి కానివ్వమన్నాడు.

గంగులయ్య పేరమ్మ మొగుడు వెంకయ్యకు సొంత అన్న. పంపకాల్లో ఇల్లు పెద్దవాడికి వచ్చింది, ఇంటికి తూర్పున ఉన్న దొడ్డి చిన్నవాడికి వచ్చింది. గోడ గంగులయ్యది, గోడ దాటిన ఇసుక వెంకయ్యది. ఆ దొడ్డి చివర వెంకయ్య గుడిసె వేసుకున్నాడు. పడవ బోల్తాపడి మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి అతను సముద్రం మీదికి పోవడం తక్కువ. సంసారం పేరమ్మ ఎండుచేపల మీద నడుస్తోంది. గోడకు తగిలి వెనక్కి కొట్టే వేడికి నెత్తళ్ళు గలగలలాడేలా ఎండుతాయి. ఇసుకదిబ్బ అవతల ఆరేస్తే చెమ్మ, కుక్కలు. ఆ దొడ్డి పోతే గంప ఎత్తుకొని కొడవలూరు సంతకు పోవడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు.

గంగులయ్య నైలాను వలలు తెచ్చి అమ్మడం మొదలుపెట్టాక పాళెం పెద్దల్లో ఒకడయ్యాడు. తాటాకు దించి పెంకు వేయించాడు. ఇప్పుడు తలుపుల వంతు వచ్చింది. నెల్లూరు నుంచి టేకు తలుపులు బండి మీద దిగాయి. తండ్రి చేయించిన తాటి తలుపును పెరికి బయట పారేశారు. చేవదేరిన నల్ల చెక్క అది. పేరమ్మ దాన్ని ఈడ్చుకొచ్చి, రాళ్ళ మీద పరిచి, దానిమీద కూడా చేపలు ఆరబోసింది.

వడ్రంగి హజరత్తయ్యది వెంకటాచలం ఊరు. కిటికీకి మడతబందులు బిగించబోతూ అడిగాడు.

"రెక్కలు లోపలికా, బయటికా?"

ఆ పాళెంలో ఏ కిటికీ అయినా లోపలికే తెరుచుకుంటుంది. సముద్రపు గాలికి లోపల గెడ అడ్డం వేసుకోవాలి.

"బయటికే," అన్నాడు గంగులయ్య. "లోపలికి తెరిస్తే నా అద్దాలు ఎవురు చూస్తారు?"

ఒక రెక్కకు ఎర్ర అద్దాలు, ఒక రెక్కకు పచ్చ అద్దాలు. తెరిచినప్పుడు రెండూ చెరో వైపు గోడకు ఆనుకొని నిలిచేవి. పడవ దిగి వచ్చేవాళ్ళకు దిబ్బ మీదినుంచే మెరిసేవి. తెరవాలన్నా మూయాలన్నా ఆ రెక్కలు తిరిగేది తమ్ముడి చోటు మీదనే. ఆ సంగతి గంగులయ్యకు పట్టలేదు.

కిటికీ అయిన వారానికి చువ్వల మధ్యనుంచి కేక వచ్చింది.

"ఏమ్మే, ఈ కంపు ఎత్తెయ్. నెల్లూరు షావుకారు వచ్చి ఈడ కూచుంటాడు."

"పుట్టినప్పటి నుంచి పీలుస్తన్న వాసనే గదా బావా. కొత్త ముక్కు కూడా బండి మీదనే దించినారా?"

వెంకయ్య గుడిసె ముందు వల కుట్టుకుంటూ తల ఎత్తలేదు.

గంగులయ్య పెద్దల్ని కూర్చోబెట్టాడు. వాళ్ళలో ఇద్దరు అతని దగ్గర అప్పుకు వలలు తీసుకున్నవాళ్ళే. పున్నమి దాటాక కిటికీ ఎదురుగా ఎవరూ చేప ఎండబెట్టకూడదని చెప్పారు. కిటికీ ఎదురుగా ఉన్నది ఆ దొడ్డే, మొత్తం దొడ్డి. వెంకయ్య సరేనని లేచాడు. పేరమ్మను ఎవరూ అడగలేదు.

"నోట్లో నాలిక ఉండాదా నీకు?" అని ఆమె దోవలో అడిగింది.

"అన్న గదమ్మే."

"ఆయనకు నువ్వు తమ్ముడివని ఎవురన్నా చెప్పినారా?"

పున్నమికి ఇంకా వ్యవధి ఉండగానే గంగులయ్య పెళ్ళాం కామాక్షమ్మ బియ్యం కడిగిన కుడితి, అంట్లనీళ్ళు కలిపి చువ్వల మధ్యనుంచి దొడ్లోకి కుమ్మరించింది. సగం ఎండిన చేప ఆ నీళ్ళకు మెత్తబడిపోయింది. సాయంత్రానికి ఈగలు ముసిరాయి.

"చూసుకోలేదు," అంది కామాక్షమ్మ లోపల్నుంచి.

"నేనూ చూసుకోలేదక్కా," అంది పేరమ్మ. చెడిన చేపనంతా గంపలోకి ఎత్తి దిబ్బ అవతల పారబోసి వచ్చింది.

తెల్లవారి కిటికీ బార్లా తెరిచి ఉంది. గంగులయ్య, కామాక్షమ్మ రేవుకు పోయారు. పేరమ్మ రెండు సరివి కర్ర గుంజలు తెచ్చి మొగుడి ముందు పడేసింది.

"తవ్వు."

"యాడ?"

ఆమె కాలి బొటనవేలితో చూపించింది. ఎర్ర రెక్కకు ఆనేట్టు ఒకచోట, పచ్చ రెక్కకు ఆనేట్టు ఒకచోట. వెంకయ్య కిటికీవైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. గడ్డపార అందుకున్నాడు. గుంజలు దిగేసరికి రెక్కలు గోడకూ గుంజకూ మధ్య ఇరుక్కుపోయాయి. పేరమ్మ గుంజలకు పసుపు పూసి, గంగమ్మకు దండం పెట్టి, వల కట్టింది.

గంగమ్మ పేరు చెప్పి పసుపు పూసిన వలగుంజను వేసవిలో పొంగళ్ళు పెట్టేదాకా పీకకూడదని ఆ పాళెం కట్టుబాటు. పాతినవాళ్ళకైనా అంతే. పోయిన ఏడు ఎదురింటి చెంగయ్య తన గుంజను తనే ముందుగా పీకితే, తడిబట్టలతో పాళెం చుట్టూ తిప్పించింది గంగులయ్యే.

గంగులయ్య వచ్చి చూసి గోల పెట్టాడు. జనం చేరారు.

"పెద్దల మాటంటే లెక్కలేదా నీకు?"

"చేప ఎండెయ్యొద్దన్నారు. వల వద్దన్లేదు గదా."

"పీకిస్తా!"

"పీకండి. తడిబట్టలు నేనే ఇస్తా."

చెంగయ్య పెద్దగా నవ్వాడు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకొని, పని ఉందని జారుకున్నారు. గంగులయ్య గుంజ మీద చెయ్యి వేసి, పసుపు అంటిన చేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"నీ అంతు చూస్తా."

"కిటికీ ఉండాది గదా. కూచోని చూడండి."

మూడోరోజు మధ్యాహ్నం తూర్పున నల్లగా కమ్మింది. కార్తీక మాసపు వాన సముద్రం మీదినుంచి అడ్డంగా వచ్చి కిటికీలోంచి నేరుగా ఇంట్లో పడింది. పందిరి మంచం తడిసింది. వలల కట్టలు తడిశాయి. గోనెపట్టాలు కట్టారు. గాలి వాటిని పీలికలు చేసింది. చువ్వల మధ్యనుంచి చేతులు చాపి రెక్కలు లాగి చూశారు. పచ్చ అద్దం ఒకటి పగిలింది. రెక్క మాత్రం కదల్లేదు. కింద మట్టిగోడ నానడం మొదలైంది.

గంగులయ్య గొడుగు కూడా లేకుండా దొడ్లోకి వచ్చాడు.

"పేరమ్మా, గుంజలు తియ్యమ్మే. గోడ కూలేట్టుండాది."

ఆమె గుడిసె గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉంది. "నేను తీసినా తప్పే గదా బావా. కట్టుబాటు మీకు తెలీందా?"

అతను చుట్టూ చూశాడు. రాళ్ళ మీద తాటి తలుపు కనపడింది.

"ఆ తలుపన్నా ఇయ్యి. లోపల అడ్డం పెట్టుకుంటా."

"పారేసింది గదా. నేను తెచ్చుకున్న్యా."

"మా నాయన తలుపు అది."

"పారేసేటప్పుడు ఎవురి నాయనది?"

వాన అతని మొహం మీద కొడుతోంది. పేరమ్మ కదల్లేదు.

"నా చేప యాడ ఎండెయ్యాల?"

"ఎండేసుకో."

"యాడ?"

"ఈడనే."

"గోడవారనేనా?"

"ఆఁ, గోడవారనే. నీ చోటే గదా."

ఎదురింటి చూరు కిందనుంచి చెంగయ్య అరిచాడు. "వాన హోరుకు ఇనపళ్ళేదన్నా! ఏందో మళ్ళా చెప్పు!"

గంగులయ్య పళ్ళు కొరికి, పాళెమంతా వినపడేట్టు ఆ మాట మళ్ళీ అరిచాడు.

"తీసకపోండి," అంది పేరమ్మ.

అన్నదమ్ములిద్దరూ తలుపును చెరో కొనా పట్టి లేపారు. చెక్కనిండా పొలుసులు అంటుకొని ఉన్నాయి. దాన్ని లోపలికి చేర్చి, కిటికీకి అడ్డంపెట్టి, గెడ దోపారు. వాన లోపలికి కొట్టడం ఆగింది. తడిసిన తాటి చెక్కలోంచి నానిన ఎండుచేపల కంపు ఇల్లంతా కమ్మింది. వెంకయ్య బయటికి వస్తుంటే కామాక్షమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని ఉమ్మింది.

మర్నాడు ఎండ కాసింది. పేరమ్మ గోడవార పట్టా పరిచి కొత్త నెత్తళ్ళు ఆరబోసింది. అంతకుముందు గోడకు మూరెడు ఎడం ఉంచేది. ఈసారి ఉంచలేదు.