సత్యానందం గారి శుద్ధ తెలుగు

డాక్టర్ సత్యానందం గారి ఆపరేషన్ థియేటర్లో నర్సు రాజకుమారికి కత్తులంటే భయం లేదు, "చ" అక్షరమంటేనే భయం. నోరుజారి "సూడండి సార్" అందో, అయిపోయిందే! "చూడండి అనాలి. ఇది ఆసుపత్రి, చేపల రేవు కాదు" అని పదిమందిలో దులిపేసేవారు. ఆయన పుట్టి పెరిగిందీ అందరూ "సూడండి" అనే ఆమదాలవలసలోనే, అది వేరే సంగతి.

ఈ మధ్య థియేటర్లోకి మాట వినే కంప్యూటర్ వచ్చింది. గ్లౌజులేసుకున్న చేతులతో దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, "చూపు" అంటే చాలు, స్కాన్ బొమ్మ తెరమీదికొస్తుంది. సార్ దానికి తన శుద్ధ తెలుగు నేర్పించి, ఇంకెవరి గొంతూ వినకూడదని కట్టడి చేసి, కీబోర్డును బీరువాలో పెట్టి తాళం వేయించారు.

ఆ సోమవారం బల్లమీద గంగులున్నాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. కిడ్నీలో గడ్డ తీస్తుంటే ఒక్కసారిగా రక్తం చిమ్మింది. సార్ రెండు చేతులతో అదిమిపట్టారు. ఆ రక్తనాళం ఎక్కణ్ణించి వస్తోందో స్కాన్‌లో చూస్తే తప్ప మనిషి దక్కడు.

"సూపు!" అని అరిచారు.

"క్షమించండి, అర్థం కాలేదు" అంది కంప్యూటర్ మర్యాదగా.

"సూపే! స్కానింగు సూపమంతన్నాను, ఇనబడ్నేదేటే?"

"క్షమించండి."

రాజకుమారి ఒక అడుగు ముందుకేసింది. పోతే పోయింది వెధవ ఉద్యోగం అనుకుంది.

"సార్, 'సూ' కాదు, 'చూ' అనండి. నెమ్మదిగా."

సార్ కళ్ళు ఉరిమాయి. కానీ రక్తం ఆగడం లేదు.

"చూ..."

"పు" అని అందించింది.

"చూ...పు."

బొమ్మ వచ్చింది. నాళం దొరికింది, బిగించారు. గంగులు గండం గట్టెక్కాడు.

బయట గంగులు భార్య లక్ష్మణమ్మ పరుగున ఎదురొచ్చింది. "బాబూ, మా మడిసి ఎలాగున్నాడు?"

నర్సు ముందు పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలిగా! సార్ గొంతు సవరించుకున్నారు. "శస్త్రచికిత్స నిర్విఘ్నంగా పరిసమాప్తమైనది. చింతించవలసిన ఆవశ్యకత లేదు."

ఆవిడకు అందులో "సమాప్తం" ఒక్కటే అందింది. "ఓలమ్మోలమ్మో! సమాప్తమైపోనాడా!" అని గోడకు జారబడి శోకాలు మొదలెట్టింది. సార్ ఎంత వివరిస్తే ఏడుపు అంత పెరిగింది. చివరికి ఆయనే రాజకుమారి వైపు తిరిగి, "నువ్వు సెప్పు" అన్నారు చిన్నగా.

"ఓలప్పా, ఏడవకు. నీ మొగుడు బాగున్నాడు. గడ్డ తీసీసినారు."

లక్ష్మణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తెల్లకోటు వైపు జాలిగా చూసి, రాజకుమారి చెవిలో అడిగింది.

"పాపం, ఆ బాబుకి తెలుగు రాదేటి?"