బిరడా మీద చెయ్యి

ప్రభావతి వారానికి రెండుసార్లు పొద్దున్నే పాపటోయిటోయి అనే పేటలో యాన్ ఇంటికి పనికి వెళ్ళేది. యాన్ ఎనభై దాటిన డచ్చాయన, భార్య పోయాక ఒంటరి. ఆయనకు స్నానం చేయించి, మందులిచ్చి, కాస్త వండిపెట్టడం ఆమె పని. 2014 చలికాలంలో ఒకరోజు బట్టలుతికే గదిలో దుమ్ము దులుపుతూ వాషింగ్ మెషిన్ పైన గోడకు తగిలించిన బొమ్మ దగ్గర ఆగిపోయింది.

అందులో పాతకాలపు హాలండ్ ఇల్లు. కిటికీ పక్కన పసుపు జాకెట్టు వేసుకున్న ఒకావిడ ఒళ్ళో వీణలాంటి వాయిద్యం. ఎదురుగా ఒకాయన పిల్లనగ్రోవి మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇంత మంచి బొమ్మ ఇక్కడ పెట్టారేంటి?" అని అడిగింది.

"మా ఆవిడ వేసింది, పేరు కోరీ. ఏదో పాత చిత్రానికి నకలు," అన్నాడు యాన్ వంటింట్లోంచి. "ఆ ఎడమచెయ్యి చూడు, ఎక్కడో పైనుంది. అలా ఎవరైనా వాయిస్తారా? నీకు చేతులు వెయ్యడం రాదని ముప్పై ఏళ్ళు ఏడిపించాను. చివరికి తనే తీసి అక్కడ తగిలించింది."

ప్రభావతి దగ్గరికెళ్ళి చూసింది.

"ఈవిడ వాయించట్లేదండీ. శ్రుతి చేస్తోంది."

యాన్ వాకర్ తోసుకుంటూ వచ్చాడు.

"నేను హన్మకొండలో పదేళ్ళు వీణ నేర్చుకున్నాను. ఎడమచెయ్యి బిరడా మీదుంది చూడండి, తీగ బిగించేది దాంతోనే. కుడిచేత్తో ఒక్క తీగే మీటుతోంది. చెవి అటు వంచింది. ఆయన ఊదకుండా కూర్చున్నది కూడా అందుకే. మా టీచర్ సుశీలమ్మగారు శ్రుతి చేస్తుంటే మేమూ అలాగే చప్పుడు చెయ్యకుండా కూర్చునేవాళ్ళం."

యాన్ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"మీ ఆవిడ మీకెప్పుడూ చెప్పలేదా?"

"సరిగ్గా చూడమని ఒకసారి చెప్పింది," అన్నాడు మెల్లగా. "నేను చూడలేదు."

ప్రభావతి దగ్గరికి జరిగింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆయనే, "దీన్ని హాల్లో పెడదామా?" అన్నాడు.

ఆమె కుర్చీ ఎక్కి మేకు కొట్టింది. కాస్త ఎడమకి, ఇంకాస్త పైకి అంటూ ఆయన కింద నుంచి చెప్పాడు. బొమ్మ కుదిరాక వెల్లింగ్టన్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. "మీ అమ్మ చెయ్యి సరిగ్గానే వేసింది," అన్నాడు. అవతల ఆ అమ్మాయి ఏమందో గాని, ఈయన చాలాసేపు తల ఊపుతూనే ఉన్నాడు.

ఈలోగా ప్రభావతి సూప్ వేడి చేసి తెచ్చింది. మౌంట్ ఆల్బర్ట్‌లో ఇంకో ఇంటికి వెళ్ళే టైమైంది. కోటు వేసుకుంటుంటే ఆయన అడిగాడు.

"మీ వీణని ఏ స్వరాలకు శ్రుతి చేస్తారు?"

ఈ దేశం వచ్చిన ఆరేళ్ళలో ఆమె ఎవరి ముందూ గొంతు విప్పి పాడలేదు. కోటు గుండీలు పెట్టుకోవడం మానేసి, స, ప, పై స అని నెమ్మదిగా పాడి వినిపించింది. రెండోసారి యాన్ కూడా గొంతు కలిపాడు. పంచమం దగ్గర ఆయనకు దగ్గొచ్చింది. ఆమె ఆగి, నీళ్ళిచ్చి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.