గుట్ట కనబడే అర్ర

కొత్తసంగెంలో పిల్లనివ్వాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వెనకాముందూ ఆడేవాళ్లు. కారణం పందిగుట్ట. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ వైపు పోయే దారిలో, ఎర్రనేల మీద ఎవరో పారబోసి మరిచిపోయిన కంకర కుప్పలా ఉంటుందా గుట్ట. దాని మీంచి అడవిపందులు దిగి కందిచేలు కుళ్లగించేవి. కోతులు దిగి ఇళ్ల పెంకులు లేపేవి. వానాకాలంలో రాళ్లు దిగేవి. దిగనివల్లా నీళ్లే.

ఆ గుట్ట మొదట్లోనే రేవణసిద్ధప్ప ఇల్లు. నాలుగు అర్రలు, ముందు వాకిలి, పక్కన బర్రెల కొట్టం, వెనక ఎకరం రాళ్ల చెలక. ఆ చెలకను వాళ్ల తాత పేకాటలో గెలిచాడని కొందరు, ఓడిపోయినందుకే అది దక్కిందని కొందరు చెప్పుకునేవాళ్లు. రేవణసిద్ధప్ప దాంట్లో ఏటా కంది వేసేవాడు, ఏటా పందులు కోసుకునేవి. ఆయనా ఆయన భార్య శరణమ్మా రెండు బర్రెల పాల మీదా, ఒక అర్రకు వచ్చే కిరాయి మీదా బతుకు వెళ్లదీశారు. ఒక్కగానొక్క కూతురు నందినిని బీదర్‌లో ఇచ్చారు.

ఇలా ఉండగా ఒక వానాకాలంలో, ముంబై హైవే మీద చిరాగ్‌పల్లి దగ్గర బండ్లు ఆగిపోతే, హైదరాబాద్ కుర్రవాళ్లు కొందరు అడ్డదారి పట్టి, దారి తప్పి, తెల్లవారేసరికి పందిగుట్ట కింద తేలారు. ఆ పొద్దు గుట్ట మీద మబ్బు దిగింది. అది ఏటా దిగేదే. దానివల్ల పిడకలు ఎండవని తప్ప ఊరివాళ్లు దాని గురించి ఇంకేమీ ఆలోచించలేదు. ఆ కుర్రవాళ్లు మాత్రం డ్రోన్ ఎగరేసి వీడియో తీసి, "ఊటీ ఎందుకు, జహీరాబాద్ ఉండగా" అని పేరు పెట్టి ఫోన్లలో వదిలారు.

పై ఆదివారానికి కార్లు బారులు తీరాయి. జనం జర్కిన్లు తొడుక్కుని వచ్చారు. కాస్త పొద్దెక్కగానే చెమటలు కారుతుంటే అవి విప్పి నడుముకు కట్టుకుని, "ఎంత చల్లగా ఉందో" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. బర్రెలతో ఫొటోలు దిగారు. బర్రెలు కూడా ఓపిగ్గానే నిలబడ్డాయి.

కార్ల వెనకే ప్రణయ్ వచ్చాడు. ప్లాట్లు అమ్మే కుర్రవాడు, తెల్ల బూట్లు. ఆ ఎర్రనేలలో అవి రోజంతా తెల్లగా ఎలా ఉంటాయో ఎవరికీ అర్థం కాలేదు. పందిగుట్టను అతను ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. "మబ్బులకొండ" అనేవాడు. బోర్డు కూడా అలాగే రాయించి రోడ్డు మీద పాతాడు. అది చూసి ఊరి ముసలాళ్లు ఆ కొండ ఎక్కడుందో అని ఒకరినొకరు అడిగారు.

రేవణసిద్ధప్ప వాకిట్లో కూర్చుని ప్రణయ్ చాయ్ తాగాడు.

"అంకుల్, మీరు రాళ్లల్ల బతుకుతున్నమనుకుంటున్నరు. కాదు, వ్యూల బతుకుతున్నరు."

"వ్యూ అంటె?"

"కిటికీలకెళ్లి సూస్తె కనబడేది."

"కనబడేదానికి పైసలిస్తరా ఎవరన్న?"

"దానికే ఇస్తరంకుల్. ఇల్లు దాని మీద ఫ్రీ అనుకోండ్రి."

అతను పోయాక రేవణసిద్ధప్ప లేచి తన ఇంటి కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు. పడుకునే అర్రలోంచి పక్కింటి గోడ కనబడింది. దేవుడి అర్రలోంచి కొట్టం, కొట్టంలో బర్రె వెనకభాగం కనబడ్డాయి. వంటింటికి కిటికీయే లేదు. గుట్ట నిండుగా కనబడేది ఒక్క కిరాయి అర్రలోంచే. ఆ అర్రలో సమద్, సమీనా ఉంటున్నారు. సమద్‌ది ఊరి మొదట్లో పంక్చర్ దుకాణం. సమీనా బట్టలు కుడుతుంది. కోతులు దూరుతున్నాయని వాళ్లు ఆ కిటికీకి గోనెసంచి కట్టుకున్నారు. సమీనా బయటికి పోయిన సమయం చూసి రేవణసిద్ధప్ప ఆ సంచి పైకెత్తి చాలాసేపు నిలబడ్డాడు. గుట్ట మీద మబ్బు నీడ నడుస్తోంది. రాళ్ల సందుల్లో వానకు పుట్టిన పచ్చిక మెరుస్తోంది. అరవై ఏళ్లలో ఆయన ఆ గుట్టను తిట్టుకోకుండా చూడటం అదే మొదలు. బాగుందనిపించింది. అదే ఆయన్ని పాడుచేసింది.

మర్నాడు దుకాణం దగ్గరికి పోయాడు.

"సమదూ, పై నెల సంది కిరాయి రెండింతలు."

సమద్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాడు. "ఎందుకు పటేలా?"

"నీ కిటికీలకెళ్లి గుట్ట కనబడ్తది."

"మేం సూస్తనే లేం గద! సంచి కట్టినం."

"సంచి కట్టుడు నీ ఇష్టం. దాని ఎనుక గుట్టయితె ఉన్నది గద."

సమద్ నవ్వు ఆపి ట్యూబు పక్కన పెట్టాడు. "అయితె ఒక పని జెయ్ పటేలా. ఆ కిటికీని ఇటుకలు పెట్టి మూసెయ్. పాత కిరాయే ఇస్త."

"మూస్తె అర్ర విలువ పడిపోతది."

ఈ సంగతి ఇంట్లో తెలిసి శరణమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "ఓ నందిని నాయినా, నీకేమన్న పుర్రె తిరిగిందా? రేపు వాళ్లు నెత్తిమీది మొగులు దిక్కు సూస్తె దానిగ్గూడ మీటరు పెడ్తవా?"

ఆయన వినలేదు. సమద్ ఆ నెలాఖరుకే ట్రాలీ ఆటో తెచ్చాడు. మంచం, కుట్టుమిషన్, గాలి కొట్టే కంప్రెసర్ ఎక్కించారు. సమీనా శరణమ్మ చేతులు పట్టుకుని, "మీ రైకలు రెండు కుట్టకుండనే పోతున్న చిన్నమ్మా" అని ఏడ్చింది. ఆ పూట శరణమ్మ పొయ్యి వెలిగించలేదు. రేవణసిద్ధప్ప అటుకులు నానబోసుకుని తిని, కిటికీకున్న సంచి విప్పి, అద్దాలు బిగించే మనిషికి ఫోన్ చేశాడు.

ఆ అర్రలో రోజు కిరాయికి హోమ్‌స్టే మొదలైంది. వచ్చేవాళ్లందరికీ అసలు సిసలు పల్లె కావాలి. అయితే అది కోడిపుంజు పొద్దెక్కాక కూసే పల్లె అయి ఉండాలి. పాలు అప్పుడే పితికినవి కావాలి, కొట్టం వాసన మాత్రం రాకూడదు. ఒకావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ బర్రెను కాస్త దూరంగా కట్టెయ్యమని అడిగింది.

"దూరంగనే ఉంటదమ్మా, ప్యాకెట్ల పాలైతె" అంది శరణమ్మ. "అది ఎక్కడుంటదో మీకే ఎరుకుండదు."

ఊరంతా కిటికీల జబ్బు పట్టుకుంది. కిటికీ లేనివాడు గోడ పగలగొట్టి పెట్టించాడు. గుట్ట ఇంటి వెనకవైపున్నవాడు ఎదుటి గోడకు నిలువుటద్దం బిగించి, అందులో కనబడే గుట్టకు సగం రేటు చెప్పాడు. కిరాయిలు పెరిగిపోయి బడి టీచర్ జహీరాబాద్‌కు మారిపోయి బస్సులో రావడం మొదలుపెట్టింది. బస్సు ఎప్పుడొస్తే బడి అప్పుడు. పిండిగిర్నీ ఆసామి గిర్నీ ఎత్తేసి ఆ చోటును ఒక కేఫ్‌కు ఇచ్చాడు. కేఫ్‌లో జొన్నగట్కను మట్టి చిప్పలో పోసి, పైన పుదీనాకు ఒకటి నిలబెట్టి అమ్మేవాళ్లు. శరణమ్మ మాత్రం జొన్నలు పట్టించుకోవడానికి మూట నెత్తిన పెట్టుకుని న్యాల్‌కల్ పోవాల్సి వచ్చింది. హోమ్‌స్టేకు వచ్చినవాళ్ల కారు పంక్చరైనప్పుడల్లా రేవణసిద్ధప్ప సమద్ దుకాణమున్న చోటు వైపు చెయ్యెత్తి, మళ్లీ దించుకునేవాడు.

ఆ ఊపులోనే రాళ్ల చెలకను ప్రణయ్‌కు అమ్మేశాడు. ఎన్నడూ గింజ ఇవ్వని నేల ఒక్క సంతకంతో అంత పంట ఇచ్చిందని మురిసిపోయి, ఇంట్లోకి సోఫా తెచ్చాడు. శరణమ్మ దాని మీద అంగట్లో కొన్న కందులు ఎండబోసింది.

రెండు నెలలు తిరక్కముందే నందిని ఫోన్ చేసింది. బీదర్‌లో అల్లుడి సైకిళ్ల దుకాణం మూతపడింది. "నాయినా, మేం ఊరికే వస్తం. ఆయన నీతోని బర్రెలు సూస్తడు. మన చెలకల ఒక మూలకు ఇంత జాగియ్యి, రెండర్రలు ఏసుకుంటం."

అమ్మేశానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "సూస్త బిడ్డా" అని ఫోన్ పెట్టేసి, ప్రణయ్ ఆఫీసుకు పోయాడు. ఆఫీసు ఆ చెలకలోనే ఉంది, ఏసీ పెట్టిన ఇనుపడబ్బాలో. ఒకప్పుడు పందులు పొర్లిన చోట నున్నటి గడ్డి పరిచి ఉంది.

"ఆడపిల్లకు అంటె మనింటి పనే అంకుల్" అన్నాడు ప్రణయ్. "మీ కోసం లాస్ట్ లైన్ల ఒక ప్లాట్ తీసి పెడ్త."

"ఆడికెళ్లి గుట్ట కనబడ్తదా?"

"కనబడది. అందుకే మీకు అగ్గువ." అంటూ రేటు చెప్పాడు.

రేవణసిద్ధప్ప తప్పు విన్నాననుకుని మళ్లీ అడిగాడు. అదే రేటు మళ్లీ చెప్పాడు. "అరే, నేను ఎకరం అమ్మితె గూడ గన్ని పైసలు రాలే గద!"

"అప్పుడది చెలక అంకుల్. ఇప్పుడది ప్లాట్."

"అవే రాళ్లు గద బిడ్డా?"

"ఇప్పుడవి రాళ్లు కావు. రాక్ గార్డెన్."

ఊళ్లో ఇంకెవరినైనా జాగా అడుగుదామని పోతే, దాయాదులైన పాలివాళ్లే చేతులెత్తేశారు. "నీ చెలక రేటు సూసే గద మేం మా రేటు పెంచినం" అన్నారు. నందిని బీదర్ చివర ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా తల్లితోనే మాట్లాడి పెట్టేసేది. రేవణసిద్ధప్ప ఫోన్ వైపు చెయ్యి చాపేసరికి అది కట్టయిపోయి ఉండేది.

ఈలోగా విల్లాలు లేవడం మొదలైంది. విల్లాలకు పునాది ఎత్తాలి, పునాదికి మొరం కావాలి. దూరం నుంచి తెస్తే ఖర్చు. ఎదురుగానే గుట్టంత మొరం ఉంది. కిటికీలవాళ్లకు కనబడకుండా జేసీబీలు గుట్ట వెనక నుంచి తవ్వడం మొదలుపెట్టాయి. టిప్పర్లు రాత్రింబవళ్లు తిరిగాయి. గుట్టను చూడటానికి ఎన్ని ఇళ్లు లేచాయో గుట్ట అంత కుంగింది. పై వానాకాలానికి వెనకభాగం అయిపోయి జేసీబీలు ముందువైపుకు వచ్చాయి.

ఒక ఆదివారం హోమ్‌స్టేకు దిగిన దంపతులు కిటికీ తెరిచి, "కొండ ఏదండీ?" అని అడిగారు.

రేవణసిద్ధప్ప వచ్చి చూశాడు. కోసి పెట్టిన గుమ్మడికాయ చెక్కలా సగం గుట్ట ఎర్రగా నిలబడి ఉంది. దాని కింద రెండు టిప్పర్లు దుమ్ములో మునిగి ఉన్నాయి.

"ఇంతకుముందు ఇక్కడే ఉండె" అన్నాడాయన.

వాళ్లు సంచులు సర్దుకున్నారు. ఆ ఏడు మబ్బు వచ్చింది గానీ, కూర్చోవడానికి చోటు దొరక్క కర్ణాటక వైపు పోయింది. ప్రణయ్ మాత్రం చలించలేదు. బోర్డు మీద "మబ్బులకొండ" కొట్టేసి "ఎర్రలోయ" అని రాయించాడు. లోయలు కొండలకన్నా అరుదని చెప్పి రేటు ఇంకాస్త పెంచాడు. మిగిలిన విల్లాలు అమ్మేసి, ఎక్కడో చెరువు పక్కన కొత్త బోర్డు పాతుతున్నానని చెప్పి తెల్ల బూట్లతో వెళ్లిపోయాడు.

కొన్నవాళ్లు విల్లాలకు తాళాలు వేశారు. ఉండటానికి కాదు గదా కొన్నది. రేటు మళ్లీ లేచాక అమ్ముకోవడానికి. ఇరవై ఇళ్లు ఖాళీగా నిలబడ్డాయి. పెంచిన రేటు ఎవరూ దించక, ఊళ్లో ఒక్క అర్ర కూడా మామూలు కిరాయికి దొరకలేదు.

హోమ్‌స్టేకు ఎవరూ రాని రోజులు చూసి చూసి రేవణసిద్ధప్ప ఒక పొద్దున జహీరాబాద్ బస్సెక్కాడు. ఎవరెవరినో అడిగి, రైల్వే గేటు దగ్గర సమద్ కొత్త దుకాణం పట్టుకున్నాడు. దుకాణం వెనకే చిన్న ఇల్లు. సమద్ నూనె చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. సమీనా చాయ్ తెచ్చి, ముందు శరణమ్మను అడిగింది, తర్వాత బర్రెలను అడిగింది, చివరికి ఆయన్ని అడిగింది.

"మంచిగనే ఉన్నం" అని చాయ్ అంతా తాగి, ఖాళీ గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. "అర్ర ఖాళీగున్నది. పాత కిరాయికే రాండ్రి. అసలు అంత గూడ ఇయ్యకుండ్రి."

సమద్ భార్య వైపు చూశాడు. సమీనా మెల్లగా తల ఊపింది, వద్దని. "ఇప్పుడిప్పుడే ఈడ కుదురుకున్నం పటేలా. దుకాణం నడుస్తున్నది" అన్నాడు సమద్. అతని గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే రేవణసిద్ధప్పకు తేలికగా ఉండేది.

అంతలో రైలు వచ్చింది. ఇల్లు అదిరింది, గ్లాసులు గలగలలాడాయి. కిటికీలోంచి రైలు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూ కనిపించాయి. రైలు పోయాక సమీనా గొంతు తగ్గించి, "కాకా, మా ఓనర్‌కు మాత్రం జెప్పకు, ఈడికెళ్లి రైలు కనబడ్తదని" అంది.

ముగ్గురూ నవ్వారు. రేవణసిద్ధప్ప నవ్వు అందరికన్నా ముందు ఆగిపోయింది. లేచి, సమద్ భుజం మీద చెయ్యి వేసి, "జర పైలం" అని బస్టాండ్ దారి పట్టాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఎవరివో చెప్పులున్నాయి. హోమ్‌స్టే అర్రలో ఒక పడుచు నేల ఊడుస్తోంది. గడపలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు, మొలకు పెద్ద తాళంచెవుల గుత్తి. విల్లాల కాపలాదారు దేవరాజ్. ఆ పడుచు అతని భార్య కృప. రాయికోడ్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు. సిమెంటు బస్తాలు పెట్టిన షెడ్డులో పడుకుంటున్నారట. నిన్నటి వానకు అది కూలింది.

"ఇరవై ఇండ్ల తాళాలు వాని మొలకున్నయి" అంది శరణమ్మ, చేటలో జొన్నలు చెరుగుతూ. "పండనీకి జాగ లేదు. నేనే రమ్మన్న."

రేవణసిద్ధప్ప చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కున్నాడు. "తిన్నరా?" అని దేవరాజ్‌ను అడిగాడు. ఇంకా లేదన్నాడతను. నలుగురూ కూర్చుని జొన్నరొట్టెలు, పప్పు తిన్నారు. దేవరాజ్ కంచం ముందు కూర్చున్నా గుత్తి మాత్రం విప్పలేదు, పోతే ఉద్యోగం పోతుందని.

తిన్నాక శరణమ్మ అంది. "కిరాయి సంగతి నేను జెప్పలే. ఇంటాయన నువ్వే. నువ్వే జెప్పు."

రేవణసిద్ధప్ప చెయ్యి తుడుచుకుని, గొంతు సవరించుకుని ఒక అంకె చెప్పాడు. సమద్ ఇచ్చిన పాత కిరాయే. శరణమ్మ ఆయన వైపు చూడకుండానే దాన్ని సగం చేసింది. ఆయన నోరు తెరిచి, ఆమె ముఖం చూసి, మూసేసుకున్నాడు. ఎవరి మాట ఖాయమో తెలియక దేవరాజ్ లేచి ఇద్దరికీ దండం పెట్టాడు.